నాలుగు గంటల దారి

హైదరాబాదు నుంచి దుబాయికి గాలిల గీత గీసి కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. నడుమ ఎక్కడా దిగని విమానమైతే పోయేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర. పైన గాలులు పడమటి నుంచి తూర్పుకు కొడతయి. అందుకే పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. దుబాయి గడియారం మనకన్న గంటన్నర వెనక నడుస్తది. తెల్లారంగ నాలుగింటికి శంషాబాదుల ఎక్కినోడు అక్కడి గడియారంల ఆరున్నరకు దిగుతడు. టికెటు చూసిన కొత్తోడు రెండున్నర గంటల దారే గదా అనుకుంటడు.

ఈ లెక్క నేను బడిల చదువుకున్నది కాదు. బోధన్ చుట్టుపట్ల ఏ మాల, మాదిగ వాడకు పోయి అడిగినా చదువురాని ముసలవ్వ కూడా చెప్తది. నిజామాబాదు ఎన్ని కిలోమీటర్లో తెల్వకపోవచ్చు గని, దుబాయి ఎన్ని గంటలో తెలుసు. కొడుకు ఎప్పుడు ఎక్కిండు, ఎప్పుడు దిగిండు, ఫోను ఎప్పుడు వస్తది – ఈ లెక్క మీదనే ఆమె తెల్లార్లు కూసుంటది.

కానీ మా దారి నాలుగు గంటల్ల ఏనాడూ తెగలే. ఎంత పట్టిందో ఆ లెక్క ఎవరూ రాయలే. నేను రాస్తున్న.

మాది బోధన్ కాడి పల్లె. మేము మాదిగోల్లం. ఊరికీ మా వాడకూ నడుమ ఒక బండ్లబాట, ఒక తుమ్మచెట్టు ఉంటయి. చిన్నప్పుడు నేను అడుగులు లెక్కపెట్టిన, నూట యాభై. మా తాత ఆ నూట యాభై అడుగులు చెప్పులు చేతబట్టుకొని నడిచిండు. మా నాయిన కూడా అట్లనే నడిచిండు. అవి కుట్టింది మా తాతే, అయినా ఊరి నడుమ కాళ్లకు తొడగొద్దు.

మంజీర మీద నిజాంసాగర్ 1931ల పూర్తయింది. కాల్వ నీళ్లు వచ్చినయి, భూములకు ధర వచ్చింది. కృష్ణ, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నరు. వాళ్లు కట్టుకున్న ఊర్లను మా దిక్కు ఇప్పటికీ క్యాంపులు అంటరు. 1937ల బోధన్ శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు. ఆసియాలనే పెద్దదని మా సార్లు గొప్పగా చెప్పేటోళ్లు. నీళ్లు వచ్చినయి, చెరుకు వచ్చింది, చక్కెర వచ్చింది. మాకు మాత్రం కొడవలి వచ్చింది. ఇంటిల్లిపాది చెరుకు కొట్టుడు. చెరుకాకు కోసి కోసి అవ్వ చేతులు ఎప్పుడూ గీతలు గీతలే. ఉప్పు కలిపిన కూర ముట్టుకుంటే సుర్రుమనేది. ఫ్యాక్టరీ కూత మా వాడకు వినవడేది, మడ్డి వాసన మా గుడిసెల దాకా వచ్చేది. పర్మినెంటు నౌకరి మాత్రం మా ఇంటి దాకా రాలే. శక్కర్‌నగర్ మా ఊరికి ఆరు కిలోమీటర్లు. ఆ ఆరు కిలోమీటర్లు దాటలేకనే మా అన్న దుబాయి దారి పట్టిండు.

1988ల పెద్దన్నకు ఇరవై రెండేండ్లు. అప్పటికే ఊర్లె రెడ్లు, కాపులు, గౌండ్లోల్లు పోయి వస్తున్నరు. 1973 తర్వాత నూనె ధర పెరిగి అక్కడ కట్టడాలు లేస్తుంటే కూలికి మనుషులు కావాల్సి వచ్చింది. మా వాడ నుంచి మొదట పోయినోల్లల్ల అన్న ఒకడు. పటేలుకు చెప్పకుండ పోవుడు కుదరదు, అప్పు ఆయన కాడనే ఉన్నది.

"ఏందిరా, దుబాయి పోతవంట? మరి నా చెరుకు ఎవడు కొడతడురా?" అన్నడు పటేలు.

"తమ్ముడు కొడతడు పటేలా" అన్నడు అన్న. ఆ తమ్ముడిని నేనే. అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న. ఆ సీజను బడి ఇడిసిపెట్టి చెరుకు కొట్టిన.

ఏజెంటుకు 18 వేలు కట్టాలె. అవ్వ కాళ్ల కడియాలు సావుకారి కాడికి పోయినయి. ఎకరంనర లావణి పట్టా కాయితం పటేలు పెట్టెలకు పోయింది. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. నెల తిరిగితే 540 రూపాయలు.

పాస్‌పోర్టుకు హైదరాబాదు. పుట్టిన తారీకు ఏది అని అడిగిండ్రు. మా అవ్వకు తెలిసిన తారీకు ఒక్కటే – "సాగరం కాల్వ తెగిన యేడు, చెరుకు గానుగాడే నెలల పుట్టిండు". ఆ ఏడు ఏదో, ఆ నెల ఏదో పోలీసు పటేలు తన మతికొచ్చినట్టు రాసిచ్చిండు. మూడు నెలలకు పాస్‌పోర్టు వచ్చింది. దాని మీద ముద్ర ఉన్నది. 1983ల వచ్చిన వలస చట్టం కింద తక్కువ చదువుకున్నోల్లు గల్ఫు దేశాలకు పోవాల్నంటే సర్కారు అనుమతి తెచ్చుకోవాలె. ఇప్పుడైతే పదో తరగతి పాసైతే ఆ ముద్ర ఉండదు. కూలోన్ని మోసం నుంచి కాపాడతందుకే చట్టం అంటరు. కానీ చదువు మాకు దూరం పెట్టింది ఎవరు? చదువు లేదని దారి ఇంకింత పొడుగు చేసింది ఎవరు? చదువుకున్నోడు నేరుగా పోయి విమానం ఎక్కుతడు. చదువుకోనోడు ఇంకో ఆఫీసు గడప తొక్కాలె, ఆ గడప కాడ ఇంకో దలారి నిలబడి ఉంటడు.

ఆ రోజులల్ల బొంబాయి మీదికెల్లే పోవుడు. నిజామాబాదుల మీటర్ గేజి రైలెక్కి మన్మాడ్‌ల దిగి పెద్ద రైలు ఎక్కాలె. బొంబాయి నుంచి దుబాయికి 1,930 కిలోమీటర్లు, మూడు గంటలు. ఆ మూడు గంటల కోసం అన్న బొంబాయిల నాలుగు నెలలు ఉన్నడు. ఏజెంటు రేపంటడు, ఎల్లుండంటడు. ఒక్క రూములో ముప్పై మంది. తెచ్చుకున్న పైసలు అయిపోయినయి. కామాఠిపురల మా తెలంగాణ కూలోల్లు తాతల కాలం నుంచి ఉన్నరు. వాళ్ల కాడ ఉండి ఇటుకలు మోసిండు. ఇంట్ల మాకు ఉత్తరం లేదు. అన్న దుబాయిల ఉన్నడనుకొని అవ్వ వాడల చెప్పుకుంటనే ఉన్నది.

ఇక్కడికి లెక్క కడితే – పాస్‌పోర్టుకు మూడు నెలలు, బొంబాయిల నాలుగు నెలలు, గాలిల మూడు గంటలు. పోవుడే ఏడు నెలలు పట్టింది.

వచ్చుడు లెక్క వేరు. 600 దిర్హాములు అని చెప్పి 400 ఇచ్చిండ్రు. దిగినంకనే పాస్‌పోర్టు గుంజుకున్నరు. అప్పుడు దిర్హాము నాలుగు రూపాయలకు తక్కువ. తిండికి పోంగ ఇంటికి 950 రూపాయలు పంపేది. అందుల 540 మిత్తికే. మిగిలింది మొత్తం అప్పుకే కట్టినా తీరడానికి రెండేండ్ల నాలుగు నెలలు. వీసా చూస్తే రెండేండ్లది. ఇల్లు తినకుండ ఉంటదా? నాయిన పానం బాగలేకుంటే దవాఖాన లేకుండ ఉంటదా? అన్న కంపెనీ ఇడిసి బయటపడ్డడు. కాయితం లేనోన్ని అక్కడ కల్లివెల్లి అంటరు. పోలీసు కనవడితే గోడ దుంకాలె. రోగమొస్తే దవాఖానకు పోరాదు. 1993ల నాయిన సచ్చిపోతే రాలేకపోయిండు. మూడు గంటల దారి, అయినా తండ్రికి తలకొరివి పెట్టరాలేదు. నేను పెట్టిన.

ఉత్తరం చదువరాని ఇండ్లకు అప్పుడు క్యాసెట్లే ఉత్తరాలు. పోయి వచ్చేటోల్ల చేతికి అన్న క్యాసెట్ పంపేటోడు. వాడంతా టేపురికార్డు చుట్టూ కూసునేది. అవ్వ దాంతోని మాట్లాడేది, అది ఆగకుంటే కోపం చేసేది. 1991ల నేను ఒక క్యాసెట్ల చుండూరు గురించి చెప్పి పంపిన. ఆగస్టు 6న మాలోల్లను నరికి గోతాల్ల కుక్కి కాల్వల ఏసిండ్రని, నిజామాబాదుల మేము ఊరేగింపు తీసినమని. దానికి జవాబు నాలుగు నెలలకు వచ్చింది. అందుల అన్న చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ యాదికున్నయి.

"తమ్మీ, అది ఆడనే కాదు, ఈడ గూడ ఉన్నది" అన్నడు.

అన్న ఉన్న క్యాంపు రూములో పన్నెండు మంది. ఒక పెషావరు పఠాను, ఇద్దరు బంగ్లావోల్లు, ఒక మలబారోడు, మిగిలినోల్లు మన కరీంనగర్, నిజామాబాదు జిల్లాలోల్లు. మొదటి దినం పఠాను తన రొట్టె తుంచి అన్న చేతుల పెట్టి, "ఖావో భాయ్" అన్నడంట. పేరు కూడా అడగలేదంట. మన జిల్లాయన ఒకాయన మాత్రం దగ్గరికొచ్చి కూసున్నడంట.

"మీదే ఊరన్న?"

"బోధన్ కాడ."

"ఊర్ల ఇల్లు ఏ దిక్కు?"

కులం పేరు పెట్టి అడగడు. ఇల్లు ఏ దిక్కు అంటడు. ఆ దిక్కు తెలిసిన తెల్లారి నుంచి రూములో రెండు పొయ్యిలు అయినయి. వంట బారీల నుంచి అన్నను తీసేసిండ్రు. గిన్నెలు కడిగే బారీ మాత్రం ఉంచిండ్రు. పఠానుకు ఇది అర్థం కాలే. "మీరు ఒక్క దేశపోల్లు, ఒక్క జిల్లావోల్లు గదా, ఈ మనిషికి ఏం రోగం?" అని అడిగిండంట. ఏం చెప్తడు మా అన్న? మా నూట యాభై అడుగులు ఏ విమానం కూడా దాటించలేదని ఏ భాషల చెప్తడు?

మా జిల్లాల క్యాంపు అంటే పెద్ద రైతుల ఊరు. దుబాయిల క్యాంపు అంటే కూలోల్ల దొడ్డి. రెండు క్యాంపులల్ల మా జాగ ఒక్కటే, బయట.

ఆయన గురించి ఆలోచించినప్పుడల్లా నాకు అంబేద్కర్ పుస్తకం ఒకటి మతికొస్తది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' దాని పేరు. 1930లల్ల రాసుకున్నది, 1990ల పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అచ్చేసింది. పేరుల వీసా ఉన్నది గని లోపల ఏ దేశం వీసా గురించీ లేదు. 1901ల తొమ్మిదేండ్ల పిలగాడు, అన్న, మేనల్లుడు కలిసి కోరేగావుల ఉన్న నాయిన కాడికి పోతరు. మసూరు స్టేషన్ల దిగుతరు. మహార్లని తెలిసి బండోడు ఎవడూ ఎక్కించుకోడు. రెండింతలు కిరాయి ఇస్తం, బండి మేమే తోలుకుంటం, నువ్వు పక్కన నడువుమంటే ఒకడు ఒప్పుకుంటడు. మూడు గంటల దారి అన్నది తెల్లారి పొద్దెక్కినంక గాని తెగలే. రాత్రంతా తాగ నీళ్లు దొరకలే. అదే మనిషి న్యూయార్క్‌ల, లండన్‌ల చదువుకొని 1917ల బరోడాకు నౌకరికి వస్తే ఉండతందుకు ఒక రూము దొరకలే. 1934ల మన నిజాం రాజ్యంలనే, దౌలతాబాద్ కోట కాడ, హౌజు నీళ్లతో మొఖం కడుక్కున్నందుకు ఆయన మీదికి వచ్చిండ్రు.

అమెరికా పోనిచ్చిన దేశం బరోడాల ఉండనియ్యలే. ఇది చదివినంక దూరం అంటే ఏందో నాకు సమజైంది. కిలోమీటర్లు భూమి మీద ఉంటయి. దూరం ఎవడు ఏ బాటన నడవొచ్చు, ఎవడు ఏ గడప కాడ ఆగాలె అన్నదాంట్ల ఉంటది.

1996ల యు.ఎ.ఇ. సర్కారు కాయితాలు లేనోల్లకు మాఫీ ఇచ్చింది. ఔట్‌పాస్ తీసుకొని అన్న బొంబాయిల దిగిండు. ఎనిమిదేండ్లకు ఇల్లు చేరిండు. ప్యాంటు, గడియారం, బూట్లు ఏసుకొని వచ్చిండు. మా వదినె బీడీలు చుట్టి చుట్టి వేళ్ల కొసలు నల్లబడ్డయి. ఆమెకు పెండ్లయిన ఆరు నెలలకే అన్న పోయిండు. మా జిల్లాల బీడీ చాట లేని కూలి ఇల్లు లేదు. దుబాయి పైసలు ఆలస్యమైన ప్రతి నెలా ఆ ఇల్లు నడిచింది తునికాకు మీదనే. దుబాయి దూరాన్ని మొగోల్లు ఏండ్లల్ల లెక్కపెడితే మా ఆడోల్లు వెయ్యి బీడీల కట్టలల్ల లెక్కపెట్టిండ్రు. ఆ లెక్కను ఏ పుస్తకంలనూ రాయలే.

వచ్చిన మూడో దినం అన్న ఊర్లె హోటలుకు పోయిండు. మా గ్లాసులు అప్పటికి చూరు కింద వేరే ఉండేటియి. తాగి కడిగి పెట్టాలె. అన్న లోపలికి పోయి బల్ల మీద కూసున్నడు. హోటలాయన చాయ ఇయ్యలే, ఇయ్యనని కూడా అనలే. అట్లనే ఎదురుంగ నిలబడ్డడు. అరగంట అన్న కూసున్నడు. లేసి బయటికొచ్చి, "దుబాయిల అరబ్బోడు గూడ నాకు కప్పుల పోసిచ్చిండు తమ్మీ" అన్నడు. తెల్లారి మేము పదిహేను మందిమి పోయి కూసున్నం. ఆ దినం కూడా చాయ పోయలే. వారం దినాలు పోయినం. ఎనిమిదో దినం చూరు కింది గ్లాసులు తీసేసిండు. మాకు అందరి గ్లాసులల్లనే పోసిండు. పోసుడు మాత్రం పై నుంచి, గ్లాసుకు చెయ్యి తగలకుండ. ఆ జానెడు ఎత్తు తగ్గడానికి ఇంకో రెండేండ్లు పట్టింది.

దారులు మారినయి. 2008 మార్చిల శంషాబాదు విమానాశ్రయం తెరిచిండ్రు. బొంబాయి బాధ పోయింది. నిజామాబాదులనే పాస్‌పోర్టు కేంద్రం వచ్చింది. జక్రాన్‌పల్లి కాడ విమానాశ్రయం కడతమని ఏండ్ల సంది చెప్తున్నరు. అదే కాలంల మా ఇంటి కాడి పని దూరమైంది. 2002ల నిజాం షుగర్స్‌ల 51 శాతం వాటా ప్రైవేటోల్లకు ఇచ్చిండ్రు. 2015 డిసెంబర్ల ఫ్యాక్టరీ మూతపడ్డది. చెరుకు కొట్టే కూలి కూడా పోయింది. విమానం దగ్గరికి వచ్చింది, అన్నం దూరం పోయింది. అన్న చూసిన తిప్పలన్నీ ఇన్నంక కూడా మా పిలగాండ్లు పోతనే ఉన్నరు. ఎందుకు పోతున్నరని అడిగేటోల్లు ముందుగాల మా ఊర్లె ఏం మిగిలిందో అడగాలె.

2011ల మా చిన్నాయిన కొడుకు దుబాయిల పానం ఇడిసిండు. ముప్పై ఒక్క ఏండ్లు. రాత్రి పండుకున్నోడు తెల్లారి లేవలే. గుండె ఆగిందని రాసిండ్రు. ఎండల పన్నెండు గంటలు పనిచేసిన గుండె అని రాయలే. పోలీసు కాయితం, మరణ పత్రం, వీసా రద్దు, పాస్‌పోర్టు రద్దు, మన కాన్సులేటు కాయితం, సోనాపూర్‌ల శవానికి మందు పట్టించుడు, పెట్టె, కార్గో బుకింగు. ఒక్కొక్క కాయితానికి ఒక్కొక్క వారం. ఆ దినాలల్ల శవాన్ని పెట్టెతో సహా తూకం ఏసి కిలో లెక్కన కిరాయి తీసుకునేది. బతికినన్ని దినాలు మూటలు మోసినోడు ఆఖరికి తానే మూటై తూగిండు. 2019 జనవరిల గాని ఎయిర్ ఇండియా ఆ తూకం తీసెయ్యలే.

ముప్పై నాలుగో దినం పెట్టె శంషాబాదుల దిగింది. గాలిల మూడున్నర గంటలే. అక్కడి నుంచి ఊరికి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, అంబులెన్సుల అయిదు గంటలు. నేను పెట్టె పక్కనే కూసున్న.

ఊరు వచ్చింది. మా బొందలగడ్డ చెరువు కట్ట కింద ఉన్నది. ఊరి నడుమ నుంచి పోతే వాడ నుంచి 400 మీటర్లు. చెరువు చుట్టు తిరిగి పోతే రెండు కిలోమీటర్లు. మా శవాలు ఎప్పుడూ చుట్టు తిరిగే పోయేది. డ్రైవరు హైదరాబాదు పిలగాడు, ఆయనకు ఈ రివాజు తెల్వది. సీదా రోడ్డు కనవడితే సీదా పోనిచ్చిండు. ముసలోల్లు ఆపుమన్నరు. మేము ఆపద్దన్నం.

తెల్లారి గ్రామాభివృద్ధి కమిటీ పిలిచింది. మా జిల్లాల ఈ కమిటీలు ఏందో తెలిసినోల్లకు చెప్పే పనిలేదు. ఊరి మంచికని పెట్టుకొని ఊరి మీద పంచాయితీ చేస్తయి. 11 వేలు దండుగ కట్టుమన్నరు. కట్టమన్నం. కిరాణం బందు పెట్టిండ్రు. కూలికి పిలిచినోనికి కూడా దండుగ అన్నరు. ఆటోల ఎక్కించుకోవద్దన్నరు. ఆసరి మా పిల్లలు బడికి నాలుగు కిలోమీటర్లు నడిచిపోయిండ్రు. దుబాయిల ఉన్న మా వాడ పిలగాండ్లు రూములల్ల చందాలేసి బియ్యం పైసలు పంపిండ్రు. దరఖాస్తులు ఇచ్చినం, ధర్నా చేసినం, 1989 చట్టం కింద కేసు పెట్టాలని కూసున్నం. అధికారులు వచ్చి పోయిండ్రు. ఆఖరికి బందు ఎత్తేసిండ్రు, ఊరి నడుమ బాట అందరిదని కాయితం రాసిచ్చిండ్రు. దండుగ మేము కట్టలే. ఆ 400 మీటర్లకు మాకు 17 నెలలు పట్టింది.

2020 మార్చిల కరోనా వచ్చి విమానాలు ఆగినప్పుడు, రాలేక కూసున్న కొడుకుల కోసం ఊరు ఊరంతా ఏడ్సింది. పటేలు ఇంటి ముందర, మా వాడల, ఒక్కటే ఏడుపు. మే 7న వందే భారత్ విమానాలు మొదలైనయి. అప్పుడు మొదటిసారి మా బాధ వాళ్లకు సమజైందనుకున్న. దిగి వచ్చినోల్లను క్వారంటైన్ల పెట్టినప్పుడు ఊరి బడిల ఒక గది మనోల్లకు, ఒక గది వాళ్లకు వేరే చేసిండ్రు.

2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫుల చనిపోయినోల్ల ఇండ్లకు తెలంగాణ సర్కారు 5 లక్షలు ఇస్తమన్నది. మంచిదే, పోరాడినందుకు వచ్చింది. కానీ సచ్చినంక ఇచ్చేదానికన్న ముందు అడగాల్సినయి ఉన్నయి. అప్పు బ్యాంకుల ఎందుకు దొరకదు, నూటికి మూడు మిత్తికే ఎందుకు దొరుకుతది? మూతపడ్డ ఫ్యాక్టరీ భూములు, మిషన్లు ఎవరియి? లావణి పట్టాలు పటేండ్ల పెట్టెలల్ల ఎందుకున్నయి?

చదువుకునే తమ్ముల్లు, చెల్లెండ్లు ఈ వ్యాసం చదివితే ఒక పని చెయ్యాలె. మీ వాడల ఒక నోటుబుక్కు పెట్టుండ్రి. మేము పెట్టినం. పోయినోని పేరు, పోయిన దినం, తెచ్చిన అప్పు, మిత్తి, పాస్‌పోర్టు ఎవరి చేతుల ఉన్నది, ఇంటికి పైసలు వచ్చిన నెలలు, రాని నెలలు, వచ్చిన దినం. ఇంటి కాడ ఉన్న ఆడమనిషి ఆ నెలలల్ల చుట్టిన బీడీలు కూడా రాస్తున్నం. రాసేది తొమ్మిది, పది చదివే ఆడపిల్లలే. ఇప్పటికి 41 పేర్లయినయి. శవాలై వచ్చినోల్లు అందుల ఆరుగురు. ఆ ఆరుగురి పేర్ల ఎదురుంగ ఇంకొక గడి గీసినం, బొందలగడ్డకు ఏ బాటన పోయిండు అని. మొదటి ఇద్దరికి 'చెరువు చుట్టు' అని ఉన్నది. తర్వాత నలుగురికి 'ఊరి నడుమ' అని ఉన్నది.